మల్లెలు రాని నెలల్లో పెళ్లి

చలికాలం పెళ్లికి పూల లెక్క ముందు పంచాంగంలో తేలుతుంది. కార్తీకంలో, మార్గశిరం మొదట్లో కొన్ని ముహూర్తాలుంటాయి. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం పట్టగానే బాజాలు ఆగిపోతాయి. సంక్రాంతి దాటినా పుష్యం పోయేదాకా ఆగాల్సిందే. మళ్లీ మాఘం వచ్చాకే పెళ్లి పిలుపులు. మధ్యలో శుక్ర మూఢమో గురు మూఢమో వచ్చిందంటే, మిగిలిన కొద్ది తేదీల మీద ఊరంతా పడుతుంది. ఒకే రాత్రి ఊళ్లో ఉన్న ఫంక్షన్ హాళ్లన్నీ నిండిపోతాయి. ఆ తెల్లవారుజామున హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్లోనైనా, గోదావరి ఒడ్డున కడియపులంకలోనైనా చామంతి ధరను చెప్పేది చలి కాదు, లగ్నం.

అమెరికాలో ఉన్న పిల్లలకు పొడుగు సెలవులు దొరికేది క్రిస్మస్‌కి. ధనుర్మాసం వచ్చి కూర్చునేదీ సరిగ్గా అక్కడే. డిసెంబరు మొదటి రెండు వారాల మీద అంత రద్దీ అందుకే.

కాబట్టి తేదీ ఖాయం కాగానే ఒక కాగితం తీసుకుని, ఆ వారంలో ఇంకేమేం ఉన్నాయో రాసుకోండి. కార్తీక సోమవారాలు, పౌర్ణమి, అయ్యప్ప పడిపూజలు, మార్గశిర లక్ష్మివారాలు, వసంత పంచమి, రథసప్తమి, శివరాత్రి. ప్రతిదీ మీ పూలలో వాటా అడుగుతుంది. ఫిబ్రవరి 14 మరీను. ఆ ముందు వారంలో హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌసుల్లో కోసిన ఎర్ర గులాబీలు పెట్టెలకెక్కి విదేశాలకు పోతాయి, ఇక్కడ మిగిలినవాటిని ముట్టుకోలేం. మీ పెళ్లి 12వ తేదీన పడితే ఎర్ర గులాబీల దండకు పట్టుబట్టకండి. తెలుపో, లేత పసుపో, పీచు రంగో అడగండి. లోకమంతా ఎరుపు వెంట పడిన రోజున ఈ రంగుల దగ్గర బేరానికి కాస్త చోటుంటుంది.

ఇక మీ ఫోన్‌లో దాచుకున్న ఆ ఫొటో సంగతి. చాలామంది పెళ్లికూతుళ్ల దగ్గర ఉంటుంది: మంచు కురుస్తున్న తోట, తెల్లటి పియోనీలు, వెండి రంగు ఆకులు, కొవ్వొత్తులు. పియోనీ చలిదేశాల్లో మే, జూన్ నెలల పువ్వు. డిసెంబరులో దొరికేవి భూమికి అవతలి సగం నుంచి, న్యూజిలాండ్, చిలీ వైపు నుంచి వెళ్తాయి. అంటే ఆ ఫొటోలోవాళ్లు కూడా తమ చలికాలంతో సరిపెట్టుకోలేదన్నమాట. మీకు అందులో నిజంగా నచ్చింది పియోనీయేనా, లేక ఆ తెలుపు, ఆ బూడిద కలిసిన పచ్చదనం, ఆ మెత్తటి వెలుతురా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది. ఎందుకంటే ఆ మూడూ మన పొలాల్లో, పెరళ్లలో అదే నెలల్లో ఉన్నాయి.

మన చలి పూయించేవి

మొదటి పేరు చామంతి. అది రాత్రి పొడుగు చూసి మొగ్గ వేసే మొక్క. పగళ్లు కురచైతేనే పూతకొస్తుంది. పూతను వెనక్కి జరపాలనుకున్న రైతులు రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగిస్తారు, దానికి రాత్రి పొడుగు తెలియకుండా. అటువంటి మాయలేం అక్కర్లేకుండా ఇష్టంగా పూసేది మన చలికాలంలోనే. అయినా పెళ్లివారింట చామంతి పేరెత్తితే, ‘అది పూజకు కదండీ’ అంటారు. నా ఉద్దేశంలో మన దగ్గర ఇంత అన్యాయానికి గురైన పువ్వు ఇంకోటి లేదు. తప్పు పువ్వుది కాదు, వాడే తీరుది. తెలుపు, పసుపు, ఎరుపు కలగలిపి గుమ్మరిస్తే అది పూజపళ్లెమే. ఒకే రంగు, ఒకే సైజు ఎంచి, కాడలు పొట్టిగా కత్తిరించి, వెడల్పాటి ఇత్తడి గిన్నెలో సందు లేకుండా పెట్టి చూడండి. పాల తెలుపులో ఒకసారి, వంగపండు ఎరుపులో ఒకసారి. ఆ పువ్వు హోదా మారిపోతుంది. పైగా శుభ్రమైన నీళ్లలో పెట్టిన చామంతి కాడ వారం దాటినా నిలుస్తుంది. పెళ్లికి రెండు రోజుల ముందే కొని, తీరిగ్గా అమర్చుకునే సౌకర్యం చాలా పూలు ఇంత ధారాళంగా ఇవ్వవు.

ఫొటోలోని వెండి ఆకు కావాలా? దవనం ఉంది. చలిపంట అది. కార్తీకంలో విత్తినది మాఘ, ఫాల్గుణాలకు చేతికొస్తుంది. సన్నగా చీలిన ఆకు, బూడిద కలిసిన ఆకుపచ్చ, చేతికంటితే సాయంత్రం దాకా వదలని వాసన. దండల్లో అక్కడో రెమ్మ ఇక్కడో రెమ్మ దూర్చి వదిలేస్తాం గానీ, గుప్పెళ్లకొద్దీ తెల్ల గులాబీల మధ్య పెడితే విదేశీ ఆకుల అవసరమే రాదు. మాఘం పెళ్లిళ్లకు ఇది దండిగా దొరుకుతుంది. మార్గశిరంలో దొరకడం తగ్గితే మరువం పెట్టుకోండి, రంగులో తేడా ఉన్నా వాసనకు లోటు రాదు.

డిసెంబరాలు వేరే జాతి. వాసన లేదు, బరువు లేదు, టోకు మార్కెట్లో పెద్ద పరపతీ లేదు. ఊదా, తెలుపు, తెలుపు మీద ఊదా చారలు. పెరళ్లలో పూస్తాయి, వీధి చివర బుట్టలో మూరల లెక్కన అమ్ముతారు, సాయంత్రానికి వాడిపోతాయి. అందుకే రాత్రి ముహూర్తానికి ఇవి పనికిరావు. పెళ్లికూతుర్ని చేసే రోజు ఉదయానికి మాత్రం వీటిని మించినవి లేవు. పసుపు రాసిన మొహం, పచ్చని నేత చీర, జడ నిండా ఊదా డిసెంబరాలు. ఏ ఈవెంట్ కంపెనీ ప్యాకేజీలోనూ ఇది ఉండదు. మీ వీధిలో ఎవరి పెరట్లో ఆ మొక్క ఉందో నవంబరులోనే కనిపెట్టి, ఆ ఇంటావిడను ముందుగా పిలవండి.

మల్లె విషయంలో మొండిపట్టు వద్దు. దాని కాలం ఫిబ్రవరి చివర మొదలై ఎండల్లో పండుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మధురై, నీలకోట్టై వైపు నుంచి వచ్చేదే దిక్కు. అక్కడ మంచుకు దిగుబడి పడిపోయి కిలో మల్లె వేలల్లో పలికిందన్న వార్త దాదాపు ఏటా చదువుతాం. అంత పోసి కొన్న మొగ్గ కూడా చిన్నదిగా ఉంటుంది. మల్లె లేకుండా పెళ్లేమిటన్న అమ్మమ్మ మాటకు గౌరవం ఇవ్వాలనుకుంటే పెళ్లికూతురి జడకు మూరెడు, తొలిరాత్రి గదిలో ఒక చిన్న గిన్నెడు కొనండి చాలు. మంటపానికి, దండలకు తెల్లదనం కావాలంటే కాగడాలున్నాయి, చలిలోనూ పూస్తాయి. వాటిలో వాసన వెతకకూడదు. వాసన బాధ్యత లిల్లీకో, మరువానికో అప్పజెప్పండి. లిల్లీ అంటే మన మార్కెట్లో పొడుగు కాడకు వరుసగా పూసే నేలసంపెంగ. డెకరేషన్ వాళ్ల పుస్తకంలో లిల్లీ అంటే పెద్ద రేకుల దుంపలిల్లీ కావచ్చు, దాని కాడ ఒక్కటే చాలా ఖరీదు. ఏది మాట్లాడుకుంటున్నారో ఆర్డరు కాగితం మీద రాయించుకోండి.

కనకాంబరం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తేలిక, రాలదు, రాత్రంతా జడలో చెక్కుచెదరదు. తామర మాత్రం చలికి ముడుచుకునే రకం, వేసవి ధరకు రాదు.

ఇక పూలు కానివి. ఈ కాలం పెళ్లికి అసలు అందం వీటిలో ఉందని నాకనిపిస్తుంది. కోతలయ్యేది ఇప్పుడే. కోనసీమలో వరికంకులను అల్లి చూరుకు వేలాడదీసే కుచ్చులు చూసే ఉంటారు, పిచ్చుకల కోసం కట్టేవి. హాలు గుమ్మానికి ప్లాస్టిక్ పూల కమాను బదులు రెండు వైపులా అలాంటి కుచ్చులు, పైన మామిడి తోరణం, కింద ముగ్గు. ధాన్యం శుభానికి శుభం, బంగారు రంగుకు బంగారు రంగు. అల్లడం తెలిసినవాళ్లకు కోతల ముందే చెప్పాలి. మిషను కోసిన గడ్డితో ఆ పని కాదు. రిసెప్షన్ బల్లల మీదకు, మీది పత్తి పండే జిల్లా అయితే, పగిలిన కాయలున్న పత్తి కొమ్మలు తెచ్చి మట్టి కూజాల్లో పెట్టండి. ఆదిలాబాద్, వరంగల్ వైపు డిసెంబరులో పొలం నిండా అదే తెలుపు. దీపాలకు మాత్రం దూరం ఉంచాలి, దూదికి నిప్పంటే క్షణం పట్టదు. కొందరు పెద్దలకు మంటపంలో ఎండు కొమ్మ నచ్చదు. వాళ్లతో వాదించకుండా దాన్ని భోజనాల హాలుకు పరిమితం చేయడం మంచిది.

మూరెడు దూరంలో

పూల మీద పెట్టే డబ్బు సాధారణంగా ఎటు పోతుంది? స్టేజీ వెనక గోడకు. ఆ గోడను పెళ్లికొడుకూ పెళ్లికూతురూ చూడరు, దానికి వాళ్ల వీపు ఉంటుంది. వచ్చినవాళ్లు అక్షింతలు వేసే హడావిడిలో చూడరు. చూసేది కెమెరా ఒక్కటే, అదీ వాళ్ల తలల చుట్టూ నాలుగడుగుల మేర. మిగతా ముప్పై అడుగులూ ఎవరి కోసం?

ఈ అధ్యాయంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన కొలత ఒక్కటే: ఇద్దరి మొహాల నుంచి మూరెడు. ఆ మూరెడులో ఉన్న పూలే వాళ్లకు కనిపిస్తాయి, తగులుతాయి, వాసనొస్తాయి, ముప్పై ఏళ్ల తర్వాత గుర్తొస్తాయి. అందుకని డబ్బును లోపలి నుంచి బయటికి పంచండి. దండలు, జడ, అడ్డుతెర, పీటల చుట్టూ, ఆ తర్వాతే స్తంభాలు, ఆఖరున గోడ. గోడ దాకా వచ్చేసరికి డబ్బు అయిపోతే మరీ మంచిది. కొబ్బరాకు అల్లికలు, అరటి చెట్లు, దీపాలు ఉన్నాయి.

మన పెళ్లిలో అన్నిటికంటే శృంగారభరితమైన ఘడియ ఏదంటే నేను అడ్డుతెర పేరే చెబుతాను. జీలకర్ర బెల్లం చేతుల్లో ఉంటుంది, అవతల మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, మొహం కనిపించదు. తెర దిగుతుంది. ఆరునెలలుగా వీడియో కాల్‌లో రోజూ చూసుకున్న జంటకు కూడా ఆ నిమిషంలో మాట రాదు. ఇంతటి తెరను మనవాళ్లు ఎక్కడో అద్దెకు తెచ్చిన, పేర్లు ప్రింటు వేయించిన శాటిన్ గుడ్డతో సరిపెడతారు. పూల తెర కట్టిస్తామని ఈవెంట్ వాళ్లు అంటే ఇంకో చిక్కు: నిలువు సరాలతో కడితే సందుల్లోంచి అంతా కనిపిస్తుంది, అప్పుడు తెర ఎందుకు? దట్టంగా కడితే మోయలేరు. దాన్ని పట్టుకునేది ఇద్దరు మనుషులు, మంత్రాలు పూర్తయ్యేదాకా చేతులెత్తి నిలబడాలి. నేనైతే ఇలా చేయమంటాను. పల్చటిది కాని నూలు గుడ్డ, గంధం రంగుది. పై అంచున జానెడు వెడల్పున కాగడాలు, దవనం కలిపి కుట్టిన పట్టీ. అంతే. కళ్లకు కాస్త పైన పూలు, గుడ్డ అవతల మనిషి. కిందికి దించేటప్పుడు ఆ పట్టీ ఇద్దరి మొహాల ముందు నుంచి దిగుతుంది, దవనం వాసన అప్పుడే తగులుతుంది.

దండల దగ్గర పొడుగు కంటే బరువు చూడండి. మోకాళ్ల దాకా వేలాడే గులాబీ రేకుల దండ నిలబడి ఫొటో దిగడానికి బాగుంటుంది. పీటల మీద కూర్చోగానే ఒళ్లో ముద్దవుతుంది, హోమం దగ్గర వంగినప్పుడు అడ్డం పడుతుంది. నడుము దాటకుండా కట్టించండి. కట్టేవాళ్లకు ఇంకో మాట చెప్పాలి: మెడ వెనక జానెడు మేర పూలు వద్దు, మెత్తటి గుడ్డ చుట్టిన తాడు చాలు. లేకపోతే అక్కడి పువ్వు జడలో చిక్కుకుని, దండ మార్చుకునేటప్పుడు జుట్టు లాగుతుంది. తాజాగా కనిపించాలని ఆఖరి నిమిషంలో నీళ్లు చల్లుతారు. పట్టుచీర మీద ఆ మరకలు మిగిలిపోతాయి. ముందే తడిపి, దులిపి, ఆరాక ఇవ్వమనండి. దుంపలిల్లీలు వాడితే మధ్యలోని పుప్పొడి కాడలు తుంచేయాలి. ఆ గోధుమరంగు పొడి పట్టు మీద పడితే తడిచేత్తో తుడవకండి, ఇంకా పాకుతుంది.

మొగ్గల జడకు చలికాలంలో కాగడా మొగ్గలో లిల్లీ మొగ్గలో వాడుకోవచ్చు. మధ్యమధ్య కనకాంబరం చుక్కలు. జడ కుట్టే ఆవిడకు పెళ్లికూతురి ఎత్తు చెప్పండి, జుట్టు ఒత్తు చెప్పండి. ఫోన్‌లో ఫొటో పంపి ఆర్డరిచ్చిన జడలు సాధారణంగా బరువెక్కువ. కూర్చున్నప్పుడు జడ చివర పీటకు తగిలి పైకి లేవకూడదు, అంత పొట్టిగా ఉండాలి.

వెలుతురు, మంచు, వాసన

డిసెంబరు సాయంత్రం ఆరు కాకముందే చీకటి. అంటే మీ పూలను అందరూ చూసేది దీపాల కింద. పగలు నర్సరీలో చూసి మురిసిన ముదురు ఎరుపు గులాబీ మసక వెలుతురులో దాదాపు నల్లగా కనిపిస్తుంది. పసుపు బల్బు కింద ఊదా రంగు మురికిగా మారుతుంది. తెలుపు మీగడ రంగుకు, లేత గులాబీ పీచు రంగుకు తిరిగి ఇంకా అందంగా ఉంటాయి. రాత్రి పెళ్లికి లేత రంగులు ఎక్కువ, ముదురువి కొద్దిగా. ముదురు ఎరుపే కావాలంటే దాని వెనక లేత రంగేదైనా ఉండాలి. ఒక గట్టి నియమం కూడా పెట్టండి: స్టేజీ మీద నీలం, ఊదా ఫోకస్ లైట్లు వద్దు. నీలం వెలుతురులో బంతిపువ్వు ఎండిపోయినట్టు కనిపిస్తుంది. వేలు పోసి కొన్న నారింజ రంగును ఒక్క లైటు చంపేస్తుంది. శాంపిల్ చూపిస్తామంటే మధ్యాహ్నం కాదు, ముహూర్తం ఏ వేళకుందో ఆ వేళకు, అవే లైట్ల కింద చూడండి.

ఊరి బయట లాన్లలో పెళ్లైతే రాత్రి పెరిగేకొద్దీ మంచు దిగుతుంది. గుడ్డలు బరువెక్కి జారతాయి, కాగితం అలంకారాలు మెత్తబడతాయి. చామంతి రేకుల మధ్య నీళ్లు నిలిస్తే తెల్లారేసరికి గోధుమరంగు మచ్చలొస్తాయి. మంటపానికి పైన కప్పు తప్పనిసరి. అది కనిపించకూడదనుకుంటే లోపలి వైపు కొబ్బరాకు వేయించండి. మరోవైపు, చలి గాలి పూలకు మేలే. వేసవిలో మూడు గంటలకు వాలిపోయే గులాబీ ఇక్కడ రాత్రంతా నిలబడుతుంది. ఆర్కిడ్లు, ఆంథూరియంలు మాత్రం వేడి దేశాల పూలు. ఆదిలాబాద్, అరకు వైపు రాత్రి చలి 10 డిగ్రీల లోపుకు పడే చోట వాటిని ఆరుబయట ఉంచితే రేకులు నల్లబడతాయి. మూసిన హాలైతే శత్రువు ఏసీ. దాని గాలి నేరుగా పూల మీద పడుతుందేమో చూసి, ఆ ఒక్కటి ఆపించండి. చలికాలంలో అడిగితే ఎవరూ కాదనరు.

చలిలో వాసన సరిగ్గా ఎగరదు. వేసవి మంటపంలో ఇరవై అడుగుల దూరం నుంచి పిలిచే లిల్లీ ఇప్పుడు దగ్గరికెళితే గానీ పలకదు. కాబట్టి వాసన పూలను ఎత్తు మీద కట్టి వృథా చేయొద్దు. మనుషుల ఒంటికి దగ్గరగా, చేతులు తగిలే చోట పెట్టాలి: దండలో, జడలో, వచ్చినవాళ్లకిచ్చే తాంబూలం సంచిలో చిన్న మరువపు కట్ట. పన్నీరు చల్లే చోట ఒక పళ్లెంలో దవనం రెమ్మలు పెట్టి, తలొకటి తీసుకోమనండి. నలిపిన కొద్దీ వాసనిచ్చే ఆకు అది, చలితో దానికి పనిలేదు.

తొలిరాత్రి గది ఇందుకు తలకిందులు. కిటికీలు మూసి ఉంటాయి. మంచం చుట్టూ లిల్లీ సరాలు వేలాడగడితే గంటలో తలనొప్పి. పరుపు మీద బంతి రేకులు పోస్తే దుప్పటికి పసుపు మరకలు. పువ్వు పక్కన ఉండాలి, పక్క మీద కాదు. ఇందాక చెప్పిన గిన్నెడు మల్లెలు, ఒక దీపం. డెకరేటర్ చూపించే హృదయాకారపు గులాబీ రేకుల ముగ్గును నిర్మొహమాటంగా వద్దనండి, దాన్ని దులుపుకోవడానికే సగం రాత్రి పడుతుంది.

ముందు రాత్రి

పూలు ఎన్ని కావాలో డెకరేటర్ చెప్పిన అంకెను నమ్మే ముందు చిన్న లెక్క చేయండి. మార్కెట్లో అరకిలో విడిపూలు కొని, మీకు కావలసిన దట్టంలో ఒక మీటరు సరం కట్టించి తూచండి. మొత్తం ఎన్ని మీటర్లో దాంతో గుణించి, నలిగినవాటి కోసం పదో వంతు కలపండి. విడిపూలు కిలోల్లో, కట్టిన పూలు మూరల్లో, గులాబీ కాడలు ఇరవై, జెర్బెరాలు పది చొప్పున కట్టల్లో అమ్ముతారు. మూర అమ్మేవాళ్ల చేతిని బట్టి ఉంటుంది, ఇది మీకు తెలియంది కాదు.

కాడ పూలు రాగానే అడుగు ఆకులు తీసేసి, కాడ చివర ఏటవాలుగా కోసి, శుభ్రమైన బకెట్‌లో మెడ దాకా నీళ్లు పోసి కొన్ని గంటలు ముట్టుకోకుండా వదలండి. చలికాలపు వరండాయే మీ కోల్డ్ స్టోరేజీ. దండలను తడి గుడ్డలో చుట్టి, అరటాకు పరిచిన వెదురు బుట్టల్లో, ఒకదాని మీద ఒకటి పడకుండా పెట్టాలి. మన ఇళ్లలో ఇక్కడ తప్పనిసరిగా జరిగే పొరపాటొకటి ఉంది: అదే గదిలో సారె పళ్లేలు, అరటి గెలలు, యాపిల్ పెట్టెలు సర్దుతారు. పండే పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. దానికి కార్నేషన్లు ముడుచుకుంటాయి, ఆర్కిడ్లు వాలిపోతాయి. పొగలోనూ అదే వాయువు ఉంటుంది. పూల గది వేరు, పండ్ల గది వేరు, వంటల పొయ్యి రెండిటికీ దూరం.

అమరికకు డెకరేషన్ వాళ్లు ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలు తెస్తారు. తడిపితే నీళ్లు పీల్చుకుని కాడలను పట్టి ఉంచుతుంది, పని సులువు. కానీ అది ప్లాస్టిక్. కుళ్లదు, పొడిపొడిగా రాలి నీళ్లలో కలుస్తుంది. మంటపానికి ఎలాగూ అరటి చెట్లు తెస్తున్నారు కదా, ఒకటి రెండు ఎక్కువ తెప్పించి బోదెను అడుగు ముక్కలుగా కోయండి. వెదురు పుల్లతో కన్నం చేసి కాడ గుచ్చితే ఆ తడి రోజంతా సరిపోతుంది. దండలు కట్టడానికీ నానబెట్టిన అరటినారే మేలు, నైలాను దారం లేత కాడను కోసేస్తుంది.

హోమగుండానికి దగ్గర్లో వేలాడే సరాలు కట్టించకండి, ముఖ్యంగా గుడ్డపూలు, ప్లాస్టిక్ పూలు. మెట్ల మీద, పాలరాతి నేల మీద తడి గులాబీ రేకులు చల్లనివ్వకండి. పట్టుచీరల్లో, పంచెల్లో నడిచే పెద్దవాళ్లకు అది ప్రమాదం. తలంబ్రాల్లో కలపాలంటే రేకులు ముందురోజే విడదీసి నీడన ఆరబెట్టాలి, తడిగా ఉంటే బియ్యం ముద్దకట్టి మొహానికి అంటుకుంటుంది.

ఎవరు చెప్పాలి, ఎవరు వినాలి

పూల దగ్గర గొడవలు పూల గురించి కావు. అమ్మకు బంధువుల ముందు నిండుగా కనిపించాలి, అమ్మాయికి తన అభిరుచి కనిపించాలి, నాన్నకు బిల్లు కనిపిస్తుంది. మూడూ న్యాయమే. నేను చెప్పే పద్ధతి పంపకం. మంటపం, గుమ్మం, పూజ పూలు పెద్దవాళ్లవి. అక్కడ ఆరంజి బంతి, పసుపు చామంతి అంటే అవే. దండలు, జడ, తెర, రిసెప్షన్ బల్లలు పెళ్లి చేసుకునే ఇద్దరివి. ఒకరి వాటాలో ఇంకొకరు సలహా ఇవ్వొచ్చు, నిర్ణయం చేయకూడదు. అబ్బాయి ‘మీ ఇష్టం, నాకేం తెలియదు’ అని తప్పించుకోకుండా చూడండి. తన చిన్నప్పటి ఇంట్లో ఏ పూలుండేవో అడిగితే తడుముకోకుండా చెబుతాడు. నందివర్ధనమో, గన్నేరో, వాళ్ల నానమ్మ పెంచిన ముద్దబంతో. మెడలో పడే దండలో అది ఒక్క వరుస ఉంటే చాలు, మిగతా ఎవరికీ తెలియనక్కర్లేదు. కాబోయే అత్తగారితో మాట్లాడేటప్పుడు ‘ఇది వద్దు’ అని మొదలుపెట్టకండి. ‘అత్తయ్యగారూ, తెర మీద పూలకు మీరు సలహా చెప్పండి’ అంటే స్టేజీ వెనక గోడ సంగతి ఆవిడే వదిలేస్తారు.

డెకరేటర్‌తో ఒప్పందం మాటల్లో వద్దు. ఏ పువ్వు, ఏ రంగు, ఎన్ని కిలోలు లేదా ఎన్ని కాడలు, అది దొరక్కపోతే బదులు ఏది, ఎన్ని గంటలకు కట్టడం పూర్తి కావాలి. ఇవన్నీ కాగితం మీద ఉండాలి. బదులు పువ్వు పేరు ముందే రాయించుకోకపోతే, రద్దీ ముహూర్తాన ఏది మిగిలితే అది వస్తుంది, మధ్యలో సగం గుడ్డపూలు కలుస్తాయి. నిజం పూలెన్ని, గుడ్డవెన్ని అని మొహమాటపడకుండా అడగండి. ఎత్తున, ఎవరికీ అందని చోట గుడ్డపూలు పెట్టుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు. మూరెడు లోపల మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదు.

చివరగా, తీసే పని. చాలా హాళ్లలో తర్వాతి పెళ్లివారు బయట నిలబడే ఉంటారు, గంటలో అంతా లాగి చెత్తబండిలో వేస్తారు. పూలు ఎవరు తీస్తారు, ఎక్కడికి పోతాయి అన్నది కూడా ఆ కాగితంలోనే రాయండి. చెక్కుచెదరని చామంతి గిన్నెలు భోజనాలు వడ్డించినవాళ్లకు, దగ్గరి బంధువులకు ఇచ్చేయొచ్చు. వరికుచ్చులు ఇంటికి తెచ్చి వసారాలో కట్టుకోండి, పిచ్చుకలు రాకపోయినా ఉడతలొస్తాయి. విడిపూలను దారం, తీగ, పిన్నులు ఏరేసి ఎరువు గుంటలో వేయించండి. ఆవులకు పెడదామని ఎవరైనా అంటే, పాలీహౌసు గులాబీలు, జెర్బెరాలు వద్దని చెప్పండి. మార్కెట్‌కొచ్చేదాకా వాటి మీద పురుగుమందులు పడుతూనే ఉంటాయి.